గడువు మీద పెరిగే పిల్లలు

నెల్లూరులో చెన్నై రైలెక్కినవారు గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి, ఆరంబాక్కం దగ్గర తమిళనాడులో ప్రవేశించి, ఆ తర్వాత కాసేపటికే గుమ్మిడిపూండి చేరుకుంటారు. ఆసుపత్రి పనుల మీదో, పెళ్లిబట్టల కొనుగోలుకో వెళ్లే ప్రయాణికుల్లో చాలామందికి అది లోకల్ రైళ్లు ఆగే ఒక స్టేషను, ఒక పారిశ్రామికవాడ, అంతే. శ్రీలంక అంతర్యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన తమిళుల శిబిరం మూడు దశాబ్దాలకు పైగా ఆ ఊళ్లోనే ఉన్నదని, అక్కడ పుట్టి పెరిగినవారు ఇప్పుడు తమ పిల్లల్ని బడికి పంపుతున్నారని తెలిసినవారు తక్కువ. యుద్ధ శరణార్థులనగానే సిరియా, ఉక్రెయిన్, సూడాన్ వైపు చూపు పోతుంది గానీ, ఆ అంశాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన ఆధారాల్లో కొన్ని నెల్లూరుకు రెండు గంటల రైలు దూరంలోనే ఉన్నాయి.

చిన్న వయసులో యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవారి గురించి జరిగే చర్చ ఎక్కువగా రెండు విషయాల చుట్టూ తిరుగుతుంది: వారు కళ్లారా చూసిన హింస, కొత్త భాషకూ కొత్త ఆచారాలకూ వారు అలవాటుపడే తీరు. రెండూ ముఖ్యమైనవే. అయితే గత నలభై ఏళ్లలో వేర్వేరు దేశాల్లో జరిగినదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ పిల్లలు నిలదొక్కుకోవడం వారి ఓర్పు మీదా తెలివి మీదా కంటే, వచ్చిన దేశం వారిని ఎంత కాలం ఉండనిస్తానని మాట ఇచ్చింది, ఆ మాట ఏ వయసు దగ్గర చెల్లకుండా పోతుంది అన్న రెండు ప్రశ్నల మీదే ఎక్కువగా ఆధారపడినట్టు కనిపిస్తుంది.

ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం, యుద్ధం, హింస, వేధింపుల వల్ల ఇల్లు విడిచినవారు 2024 చివరికి ప్రపంచంలో 12.32 కోట్ల మంది. వారిలో ప్రతి పదిమందికీ దాదాపు నలుగురు పద్దెనిమిదేళ్ల లోపువారు. ఇందులో సగానికి మించినవారు సొంత దేశం సరిహద్దు దాటనే లేదు. దాటినవారిలో మూడింట రెండు వంతుల మంది పొరుగు దేశాల్లోనే ఆగిపోయారు. శరణార్థులందరూ ధనిక దేశాలకు పోతున్నారన్న అభిప్రాయం టీవీ చర్చల వల్ల బలపడిందే తప్ప, చాద్, ఉగాండా, బంగ్లాదేశ్, లెబనాన్ వంటి దేశాలు మోస్తున్న భారం ముందు అది నిలవదు. అదే సంస్థ 2024లో విడుదల చేసిన విద్యా నివేదిక ప్రకారం శరణార్థి పిల్లల్లో ప్రాథమిక స్థాయిలో బడికి వెళ్తున్నవారు 65 శాతం, మాధ్యమిక స్థాయిలో 42 శాతం, పైచదువుల్లో 7 శాతం. ఈ మూడు అంకెల మధ్య ఉన్న దిగుడే అసలు కథ. చిన్నపిల్లలకు బడి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. వయసు పెరిగే కొద్దీ, చదువుకు కాగితాలూ ఫీజులూ అవసరమయ్యే కొద్దీ, తలుపులు మూసుకుంటూ పోతాయి.

భాష సంగతి ముందు చూడాలి, ఎందుకంటే అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనికి ఉత్తరాది నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఏడాది తిరిగేసరికి వీధిలో తెలుగు మాట్లాడటం ప్రకాశం జిల్లావాసులకు కొత్త కాదు. శరణార్థి పిల్లల విషయంలోనూ జరిగేది అదే, అయితే అక్కడే ఒక పొరపాటు అంచనా మొదలవుతుంది. కెనడాకు చెందిన విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చాలా కాలం క్రితమే చూపించినట్టు, ఆటల్లో, అంగట్లో పనికివచ్చే భాష ఒకటి రెండేళ్లలో పట్టుబడుతుంది గానీ, సైన్సు పాఠాన్ని చదివి అర్థం చేసుకుని జవాబు రాయడానికి కావలసిన భాష తోటి విద్యార్థుల స్థాయికి చేరాలంటే అయిదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చు. పల్లెటూరి బడిలో పది దాకా తెలుగు మాధ్యమంలో చదివి, నెల్లూరు లేదా ఒంగోలులో ఇంగ్లీషు మాధ్యమపు ఇంటర్ కళాశాలలో చేరినవారికి ఈ తేడా వివరించనక్కర లేదు. పన్నెండేళ్ల వయసులో కొత్త దేశానికి వచ్చిన బిడ్డ గలగలా మాట్లాడుతున్నది కదా అని ప్రత్యేక శిక్షణ ఆపేస్తే, ఆ బిడ్డ మార్కులు పడిపోవడానికి కారణం తెలివితక్కువతనమో యుద్ధ గాయమో అని ఉపాధ్యాయులు అనుకుంటారు. పద్నాలుగూ పదిహేనేళ్ల వయసులో వచ్చినవారి పరిస్థితి మరీ ఇబ్బంది: వారికి ఆ అయిదారేళ్ల వ్యవధే ఉండదు, అప్పటికే పబ్లిక్ పరీక్షలు ఎదురుగా వచ్చి నిలబడతాయి.

పిల్లలకు భాష ముందుగా రావడం వల్ల ఇంట్లో ఇంకొక మార్పు వస్తుంది. పెద్దవారికి భాష రాదు కాబట్టి కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, ఇంటి యజమాని దగ్గర మాట్లాడే పని పదేళ్ల కూతురి మీద పడుతుంది. వైద్యుడు తల్లికి చెప్పవలసిన జబ్బు పేరు ముందు ఆ పిల్ల వింటుంది. ఎంత చెప్పాలో, ఏది దాచాలో ఆ క్షణాన తనే తేల్చుకోవాలి. కరెంటు బిల్లు ఎంతో, బాడుగ ఎన్ని నెలలు బాకీ ఉందో, ఆశ్రయం కోరుతూ పెట్టిన అర్జీని తిరస్కరించారన్న ఉత్తరంలో ఏముందో ఆ ఇంట్లో మొదట తెలిసేది పిల్లలకే. తండ్రి మాటకు ఎదురులేని ఇళ్లలో ఇది లోలోపల పెద్ద తారుమారు. కొందరు పిల్లలకు దీనివల్ల వయసుకు మించిన నేర్పు వస్తుంది, అది నిజం. బడి మానేసి వరుసల్లో నిలబడిన రోజులు కూడా అంతే నిజం. మంచి ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన దుబాసీలను పెట్టి, పిల్లల చేత అనువాదం చేయించకూడదన్న నియమం ఉండటం దయాగుణానికి సంబంధించిన విషయం కాదు, వైద్యం సరిగా జరగడానికి కావలసిన ఏర్పాటు.

మనసు గాయాల గురించి రాసేవారు చాలావరకు యుద్ధభూమి దగ్గరే ఆగిపోతారు. కెన్నెత్ మిల్లర్, ఆండ్రూ రాస్ముసెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2010లో వెలువరించిన ఒక వ్యాసంలో, బాంబులూ చావులూ చూసిన అనుభవంతో పాటు, ఆ తర్వాత రోజూ ఎదురయ్యే ఇరుకు గది, డబ్బు లేమి, ఒంటరితనం, రేపటి గురించిన భయం కూడా మానసిక స్థితిని గట్టిగా నిర్ణయిస్తాయని, మొదటిదాని ప్రభావంలో కొంత భాగం ఈ రెండోదాని ద్వారానే పనిచేస్తుందని వాదించారు. ఈ వాదనకు ఆచరణలో ఉన్న విలువ పెద్దది. జరిగిపోయిన యుద్ధాన్ని ఏ ప్రభుత్వమూ వెనక్కి తిప్పలేదు; అర్జీ మీద నిర్ణయం రెండేళ్లకు బదులు ఆరు నెలల్లో ఇవ్వడం మాత్రం ఏ ప్రభుత్వానికైనా సాధ్యమే. పీడకలలు వచ్చే పిల్లవాడికి వైద్యుడు అవసరం, అందులో సందేహం లేదు. అదే పిల్లవాడు వచ్చే నెల ఏ ఊళ్లో ఉంటాడో ఎవరికీ తెలియనప్పుడు వైద్యుడు చేయగలిగింది కొంతే.

బడి ఏర్పాట్లలో దేశాలు అనుసరించిన పద్ధతులు చూస్తే, ప్రతి పద్ధతి వెనకా ఆ పిల్లలు ఎంతకాలం ఉంటారన్న ఒక అంచనా దాగి ఉంటుంది. లెబనాన్, జోర్డాన్‌లలో స్థలం చాలక ఉదయం స్థానికులకు, మధ్యాహ్నం సిరియన్లకు అదే భవనంలో బడి నడిపారు. లక్షలాది పిల్లలకు చదువు అందించిన ఏర్పాటును తీసిపారేయలేం గానీ, ఒకే బల్ల మీద కూర్చునే ఇద్దరు పిల్లలు ఏళ్ల తరబడి ఒకరినొకరు చూసుకోని పరిస్థితి అందులో ఉంది. తుర్కియే (టర్కీ) మొదట అరబిక్‌లో బోధించే తాత్కాలిక కేంద్రాలను నడిపి, సిరియన్లు ఇప్పట్లో తిరిగి వెళ్లరని తేలాక, 2016 తర్వాత వాటిని క్రమంగా మూసి పిల్లలను తుర్కీ బడుల్లోకి మార్చింది. పోలండ్‌లో చాలామంది ఉక్రెయిన్ పిల్లలు గదిలో కంప్యూటరు ముందు కూర్చుని తమ దేశపు ఆన్‌లైన్ తరగతులే వింటూ గడిపారు. యుద్ధం నేడో రేపో ముగుస్తుందన్న ఆశతో తల్లులు ఆ దారి ఎంచుకున్నారు. 2024 సెప్టెంబరు నుంచి పోలండ్ తమ బడికి రావడం తప్పనిసరి చేసి, పిల్లల పేరిట నెలనెలా ఇచ్చే భత్యాన్ని హాజరుతో ముడిపెట్టింది. బంగ్లాదేశ్ కాక్స్ బజార్ శిబిరాల్లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా పిల్లలకు బెంగాలీ పాఠ్యప్రణాళిక బోధించడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు, వారు స్థిరపడిపోతారన్న భయంతో. మయన్మార్ పాఠ్యప్రణాళికను ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టింది 2021 చివరిలో మాత్రమే. 2017లో తల్లి చంకనెక్కి వచ్చిన బిడ్డకు గుర్తింపు ఉన్న చదువు లేకుండానే తొలి నాలుగేళ్లు గడిచిపోయాయి. తాత్కాలికమన్న మాటను ప్రభుత్వం ఎన్నేళ్లు పట్టుకు వేలాడితే పిల్లలకు అన్ని తరగతులు పోతాయి.

వయసు దగ్గరికి వస్తే విషయం ఇంకా చిక్కుపడుతుంది. 1987 నుంచి దక్షిణ సూడాన్ పల్లెల నుంచి వేలాది మగపిల్లలు తల్లిదండ్రులు లేకుండా కాలినడకన ఇథియోపియాకు, అక్కడి నుంచి తరిమివేతకు గురై 1992లో కెన్యాలోని కకుమా శిబిరానికి చేరారు. అందులో నాలుగు వేల లోపు యువకులను అమెరికా 2000–2001 ప్రాంతంలో తీసుకువెళ్లింది. వారిలో ఎక్కువమందికి పుట్టిన తేదీ తెలియదు. అధికారులు ముఖం చూసి ఒక సంవత్సరం అంచనా వేసి, తేదీ స్థానంలో జనవరి 1 రాశారు. పద్దెనిమిది లోపు అని తేలినవారు పెంపుడు కుటుంబాల్లో చేరి హైస్కూలుకు వెళ్లారు. పైబడ్డారని తేలినవారిని నలుగురైదుగురు చొప్పున అపార్ట్‌మెంట్లలో దించి, కొన్ని నెలలు సాయం చేసి, పనిలో చేరమన్నారు. ఒకే దారిలో కలిసి నడిచిన ఇద్దరు స్నేహితుల్లో ఒకరు తరగతి గదికి, మరొకరు గిడ్డంగిలో రాత్రి డ్యూటీకి వెళ్లడానికి కారణం ఒక గుమాస్తా అంచనా. బడిలో చేర్పించేటప్పుడు అయ్యవారు తోచిన జూన్ తేదీ వేసి, అదే పదో తరగతి సర్టిఫికెట్‌కు, ఉద్యోగ విరమణకు కూడా ఆధారమైన తరం మన పల్లెల్లో ఇంకా ఉంది. ఆ తేదీ వల్ల మహా అయితే రెండేళ్ల సర్వీసు పెరగడమో తరగడమో జరిగేది, దాని మీద నవ్వుకోవడమూ ఉండేది; ఆ యువకులకు మాత్రం జీవిత మార్గమే మారిపోయింది.

ఐరోపాలో ఇదే గొడవ మరో రూపంలో నడుస్తున్నది. తల్లిదండ్రులు లేకుండా వచ్చిన పిల్లల వయసు తేల్చడానికి మణికట్టు ఎక్స్‌రేలు, జ్ఞానదంతాల ఫొటోలు, స్వీడన్‌లో 2017 నుంచి మోకాలి స్కానింగులు కూడా వాడారు. ఎముక చెప్పగలిగేది ఒక వయసు శ్రేణిని మాత్రమేనని, పదిహేడా పందొమ్మిదా అన్నది అది తేల్చలేదని వైద్యుల్లో చాలామంది అభ్యంతరం చెప్పారు. పద్దెనిమిది నిండిన రోజున సంరక్షకుడు, వసతిగృహం, బడి, తల్లిదండ్రులను పిలిపించుకునే హక్కు అన్నీ ఒక్కసారిగా చేజారే చోట ఆ తేడాకు ఎంత బరువుందో చెప్పనక్కర లేదు. అర్జీ పెట్టినప్పుడు మైనరుగా ఉండి, అది కార్యాలయంలో మగ్గుతుండగా మేజరైనవారు కుటుంబాన్ని రప్పించుకునే హక్కును కోల్పోరని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2018 ఏప్రిల్‌లో తీర్పు చెప్పవలసి వచ్చింది. కార్యాలయాల ఆలస్యానికి పిల్లలు శిక్ష అనుభవించకూడదన్న ఇంత చిన్న సూత్రానికి అంత పెద్ద కోర్టు కావలసి వచ్చింది.

గుమ్మిడిపూండి విషయంలో చిక్కు వయసు కాదు, పుట్టిన సంవత్సరం. 1983 జూలై అల్లర్ల తర్వాత మొదలై 2009లో యుద్ధం ముగిసిన తర్వాతి దాకా, నాలుగు విడతలుగా మూడు లక్షలకు పైగా శ్రీలంక తమిళులు భారతదేశానికి వచ్చారు. చాలామంది తిరిగి వెళ్లగా, తమిళనాడు శిబిరాల్లో ఇప్పటికీ యాభై వేలకు పైగా, శిబిరాల బయట ఇంకా వేలమంది ఉన్నారు. వారికి భాష పరాయిది కాదు, వేషం పరాయిది కాదు, గుడీ పండగా పరాయివి కావు. అలవాటుపడటమే పరీక్ష అయితే వారు ఎప్పుడో నెగ్గి ఉండాలి. భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. పౌరసత్వ చట్టం ప్రకారం 1987 జూలై 1కి ముందు ఈ గడ్డ మీద పుట్టినవారు పుట్టుకతోనే పౌరులు. ఆ రోజు నుంచి పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి నియమం ఇంకా బిగిసింది. కాబట్టి ఒకే తల్లి కడుపున 1986లో పుట్టిన అక్క భారత పౌరురాలు కాగలదు, 1988లో పుట్టిన తమ్ముడు కాలేడు. మండపం శిబిరంలో 1986లో పుట్టిన ఒక మహిళ కోర్టుకెక్కి పాస్‌పోర్టు సాధించి, 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఓటు వేసినప్పుడు అది పత్రికల్లో పెద్ద వార్త అయింది.

ఆ తమ్ముడు చదువుకోవడానికి అడ్డు పెద్దగా లేదు. తమిళనాడు ప్రభుత్వం బడులూ కళాశాలలూ అందుబాటులో ఉంచింది. 2021లో శిబిరాలకు పునరావాస శిబిరాలని పేరు మార్చి, కుటుంబ పెద్దకు నెలకిచ్చే సాయాన్ని 1,000 నుంచి 1,500 రూపాయలకు పెంచి, కొత్త ఇళ్లు కట్టడంతో పాటు, ప్రతిభ ఆధారంగా ఇంజనీరింగులో చేరిన 50 మంది ఫీజులు భరిస్తామని కూడా ప్రకటించింది. చిక్కు పట్టా చేతికి వచ్చిన మరుసటి రోజు మొదలవుతుంది. ప్రభుత్వోద్యోగానికి పౌరసత్వం కావాలి, విదేశీ ఉద్యోగానికి పాస్‌పోర్టు కావాలి, పెద్ద కంపెనీల్లో చేరాలంటే పూర్వాపరాల తనిఖీ దాటాలి. శిబిరాల మగవారికి ఏళ్ల తరబడి దొరుకుతున్న పనుల్లో ముఖ్యమైనది భవనాలకు రంగులు వేయడం. డిగ్రీలు చదివిన యువకులు కూడా తండ్రి పట్టిన బ్రష్షే పట్టుకోవడం ఆ శిబిరాల గురించి రాసిన చాలా నివేదికల్లో కనిపిస్తుంది. అన్న చదివి ఏం సాధించాడని తమ్ముడు పదో తరగతితోనే ఆపేస్తే ఆ లెక్కలో తప్పు పట్టడం కష్టం. 2019 నాటి పౌరసత్వ సవరణ పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చినవారికే పరిమితం కావడంతో వీరికి ఉపయోగపడలేదు. 2015 జనవరి 9 వరకు వచ్చి పేరు నమోదు చేసుకున్న శ్రీలంక తమిళులను, ప్రయాణ పత్రాలు లేనందుకు పడే శిక్షల నుంచి మినహాయిస్తూ కేంద్రం 2025లో ఇచ్చిన ఉత్తర్వు తల మీది కత్తిని తీసివేసింది గానీ, చేతికి ఏ కాగితమూ ఇవ్వలేదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలకు యుద్ధం సెగ తగిలిన సందర్భం ఇటీవలిదే ఒకటుంది. 2022 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతున్న భారతీయ విద్యార్థులను ఆపరేషన్ గంగ పేరుతో ప్రభుత్వం వెనక్కి రప్పించినప్పుడు, బంకర్ల నుంచి ఫోన్లు చేసిన పిల్లల కోసం ఇక్కడా తల్లిదండ్రులు నిద్ర మానుకున్నారు. తిరిగివచ్చినవారి కోర్సుల సమస్య కోర్టుల దాకా వెళ్లింది, కొందరికి ఏళ్లు వృథా అయ్యాయి. ఆ నష్టం చిన్నది కాదు. కానీ వారు దిగిన విమానాశ్రయంలో వారి పాస్‌పోర్టు చెల్లింది, ఇంటి తాళం పనిచేసింది. అదే తరగతిలో కూర్చున్న ఉక్రెయిన్ విద్యార్థిని పోలండ్ సరిహద్దు దాటిన క్షణం నుంచి మరొకరి దయ మీద, మరొకరు పెట్టిన గడువు మీద బతకవలసి వచ్చింది.

డబ్బు విషయంలో కూడా తేడాను గమనించాలి. అమెరికా తీసుకువెళ్లే శరణార్థులు విమాన టికెట్టు ఖర్చును వడ్డీ లేని అప్పుగా రాసిచ్చి, చేరిన కొద్ది నెలల నుంచే వాయిదాలు కట్టాలి. ఒంగోలు నుంచి ఎమ్మెస్‌కు వెళ్లిన యువకుడి మీద అంతకు ఎన్నో రెట్ల బ్యాంకు అప్పు ఉండవచ్చు. అయినా నాన్నమ్మ పోయిందని కబురొస్తే అతను రాగలడు, వీసా చిక్కులున్నా రావడానికి ఒక దేశమంటూ ఉంది. శరణార్థికి ఇచ్చే ప్రయాణ పత్రం సొంత దేశం తప్ప మిగతా దేశాలకు చెల్లుతుంది, సొంత దేశానికి వెళ్తే శరణార్థి హోదాయే ప్రశ్నార్థకమవుతుంది. పైగా శిబిరంలో మిగిలిన తమ్ముళ్లకు, చిన్నాన్నలకు నెలనెలా డబ్బు పంపవలసిన బాధ్యత ఇరవై ఏళ్లకే మీద పడుతుంది, కాబట్టి పూర్తికాలం చదువుకు బదులు రెండు ఉద్యోగాలు చేసేవారే ఎక్కువ. దీన్ని కొందరు చదువు మీద ఆసక్తి లేకపోవడంగా నమోదు చేస్తారు, అది అన్యాయం.

గడువు ఎంత ముఖ్యమో ఐరోపాలో త్వరలోనే తేలబోతున్నది. 2001లో తయారుచేసి ఇరవై ఏళ్లు పక్కన పెట్టిన తాత్కాలిక రక్షణ నిబంధనను ఐరోపా సమాఖ్య 2022 మార్చి 4న మొదటిసారి అమలులోకి తెచ్చి, ఉక్రెయిన్ నుంచి వచ్చినవారికి విచారణతో పనిలేకుండా నివాసం, బడి, వైద్యం, ఉద్యోగ హక్కు ఒకేసారి ఇచ్చింది. ప్రస్తుతం 40 లక్షలకు పైగా ప్రజలు దాని కింద ఉన్నారు. సిరియన్లు, అఫ్గాన్లు ఏళ్ల తరబడి పోరాడి పొందినవి వీరికి వారాల్లో దక్కాయన్న విమర్శ సరైనదే. అలా ఇవ్వడం సాధ్యమేనని రుజువైంది కూడా అందువల్లే. అయితే ఆ రక్షణను కొద్దికొద్దిగా పొడిగిస్తూ వచ్చి, 2027 మార్చి 4 దగ్గర నిలిపారు. ఆ తర్వాత చదువు, ఉద్యోగం, కుటుంబం ఆధారంగా ఎవరి దేశంలో వారు వేరే అనుమతులు ఇచ్చుకోవచ్చని 2025 సెప్టెంబరులో సమాఖ్య మండలి సభ్య దేశాలకు సిఫారసు చేసింది. సిఫారసు ఆదేశం కాదు. 2022లో పన్నెండేళ్ల వయసులో, మన లెక్కలో ఏడో తరగతి చదువుతూ, ఖార్కివ్ నుంచి వచ్చిన బాలికకు ఆ గడువు నాటికి పదిహేడేళ్లు ఉంటాయి. ఇక్కడైతే అది ఇంటర్ రెండో ఏడాది పరీక్షల కాలం. చదువుకునేవారికి ఇచ్చే అనుమతికి బ్యాంకులో ఎంత సొమ్ము చూపాలి, పద్దెనిమిది నిండకముందు ఆ అర్జీ తల్లి పేరున పెట్టాలా తన పేరున పెట్టాలా అన్న ప్రశ్నలకు వార్సాలో ఒక జవాబు, బెర్లిన్‌లో ఇంకొక జవాబు, ప్రాగ్‌లో మరొకటి.